బిల్లింగ్ కౌంటర్‌కు 2డీ బార్‌కోడ్: ప్యాకింగ్ లైన్లలో తిరుగుతున్న అపోహలు, వాస్తవాలు

"2027 తర్వాత పాత బార్‌కోడ్ ఉన్న సరుకును బిల్లింగ్‌లో తీసుకోరట." ప్యాకింగ్ చూసుకునేవాళ్ల నోట ఈ మాట పదే పదే వినిపిస్తోంది. అలాంటి నిషేధం ఏదీ లేదు. 2027 చివరికల్లా దుకాణాల కౌంటర్లు గీతల బార్‌కోడ్‌తో పాటు 2డీ కోడ్‌నూ (క్యూఆర్ లాంటి గళ్ల చదరం) చదవగలగాలన్నది బార్‌కోడ్ ప్రమాణాలు చూసే అంతర్జాతీయ సంస్థ జీఎస్1 పెట్టుకున్న లక్ష్యం. అంటే ముందు సిద్ధం కావాల్సింది కౌంటర్లు. ఇప్పటి గీతల బార్‌కోడ్‌లైన ఈఏఎన్, యూపీసీ ఎక్కడికీ పోవు. మార్పు కాలంలో ప్యాక్ మీద రెండు కోడ్‌లూ ఉంటాయి. ఈ గడువు చూపించి రేపే మెషిన్ కొనమని ఎవరైనా తొందరపెడితే కంగారు పడకండి.

అసలు డబ్బు పోయేది ఇంకో అపోహ వల్ల.

అపోహ: "డేట్ కొట్టే ప్రింటర్‌లో క్యూఆర్ ఆప్షన్ ఉంది, ఆన్ చేస్తే చాలు."

చాలదు. ముందు కోడ్‌లో ఏం పెట్టాలో తేల్చుకోండి. జీటిన్ (వస్తువును గుర్తించే నంబర్) ఒక్కటే అయితే అన్ని ప్యాకెట్ల మీదా ఒకే కోడ్. ప్యాకెట్ ఆర్ట్‌వర్క్‌లో పెట్టి ప్యాకింగ్ ఫిల్మ్‌తో పాటే అచ్చు వేయించుకోవచ్చు, లైన్ మీద కొత్త ప్రింటర్ అక్కర్లేదు. బ్యాచ్, ఎక్స్‌పైరీ కూడా కావాలంటేనే లైన్ మీద కొట్టాలి. అప్పుడు కొనుగోలు కంటే ముందు లెక్క రావాలి.

డొమైన్ పేరు 11 అక్షరాలు అనుకుందాం. జీటిన్ మాత్రమే ఉన్న డిజిటల్ లింక్ (క్యూఆర్‌లో పెట్టే వెబ్ చిరునామా) 37 అక్షరాలవుతుంది. ఎర్రర్ కరెక్షన్ (కోడ్ కొంత చెడినా చదవగలిగే ఏర్పాటు) 'ఎం' స్థాయిలో క్యూఆర్ 29×29 గళ్లు. 6 అక్షరాల బ్యాచ్, ఎక్స్‌పైరీ కలిపితే 57 అక్షరాలు, 33×33. ఆపైన 12 అక్షరాల సీరియల్ కూడా పెడితే 37×37.

కౌంటర్‌లో చదవాలంటే గడి సుమారు 0.4 మి.మీ. ఉండాలి. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) టీఐజే హెడ్‌లో, అంటే కార్ట్రిడ్జ్‌తో కొట్టే థర్మల్ ఇంక్‌జెట్‌లో, చుక్కకు చుక్కకు దూరం 0.0847 మి.మీ. గడికి 4 చుక్కలు పెడితే 0.339 మి.మీ., చిన్నదైపోతుంది. 5 పెడితే 0.423. ఆ లెక్కన 33 గళ్ల కోడ్ ఎత్తు 14 మి.మీ. అర అంగుళం కార్ట్రిడ్జ్ కొట్టగలిగే ఎత్తు 12.7 మి.మీ. మాత్రమే. కోడ్ పట్టదు!

ఇక్కడే చాలామంది కోడ్‌ను స్క్రీన్ మీద కుదించి 12.7లో ఇరికిస్తారు. గడికి నాలుగున్నర చుక్కలు పడతాయి. అర చుక్క ఉండదు కాబట్టి కొన్ని గళ్లు 4 చుక్కలవి, కొన్ని 5 చుక్కలవి వస్తాయి. ఫోన్ చదివేస్తుంది, కోడ్ నాణ్యత కొలిచే వెరిఫైయర్‌లో గ్రేడ్ పడిపోతుంది. రెండు కార్ట్రిడ్జ్‌లు పేరిస్తే ఎత్తు సరిపోతుంది గానీ, అతుకు ఒక్క చుక్క జరిగినా మధ్య వరుస గళ్లు తెగుతాయి. అంగుళం హెడ్ తీసుకోవడం మేలు, లేదంటే డేటా తగ్గించుకోవాలి. మూడో దారి జీఎస్1 డేటామ్యాట్రిక్స్ (2డీ కోడ్‌లో ఇంకో రకం). అదే జీటిన్, బ్యాచ్, ఎక్స్‌పైరీ 20×20 గళ్లలో, 8.5 మి.మీ.లో సర్దుకుంటాయి. మామూలు ఫోన్ కెమెరా మాత్రం దాన్ని లింకుగా తెరవదు.

ఆర్ట్‌వర్క్‌లో కోడ్ కోసం వదిలే ఖాళీ కిటికీ కోడ్ సైజుకు సమానంగా ఉండకూడదు. క్యూఆర్‌కు నాలుగు వైపులా 4 గళ్ల ఖాళీ కావాలి. దాంతో 33 గళ్ల కోడ్‌కు 17.4 మి.మీ. అవుతుంది. ఫిల్మ్ అటూ ఇటూ 2 మి.మీ. జరిగే లైన్ అయితే 22 మి.మీ. తెల్లటి చోటు వదలండి, దాని మీద వార్నిష్ వద్దు.

లెక్క కుదిరాక చెడగొట్టేవి చిన్నవి. ఫిల్మ్ వేగం కొలిచే ఎన్‌కోడర్ చక్రం జారితే కోడ్ పక్కకు సాగుతుంది. ఫిల్మ్ హెడ్ ముందు ఊగితే గళ్ల అంచులు మసకబారతాయి, వెనక గట్టి ప్లేట్ ఆనించాలి. బీఓపీపీ (ప్లాస్టిక్ ఫిల్మ్) మీద నీటి ఇంకు ఆరదు, తర్వాతి రోలర్‌కు అంటుకుంటుంది. సాల్వెంట్ ఇంకు ఆరుతుంది కానీ లైన్ ఆగిన కాసేపటికే నాజిల్‌లోనూ ఆరుతుంది. మళ్లీ మొదలయ్యాక మొదటి ప్యాకెట్లు చేతిలోకి తీసుకుని చూడండి, ఫిల్మ్ నడిచిన దిశలో కోడ్ పొడవునా వెంట్రుకంత తెల్ల గీత ఉంటుంది. పర్జ్ చేసి (నాజిల్‌లోంచి కాస్త ఇంకు బయటికి నెట్టి), నూగు రాలని గుడ్డతో తుడిచాకే ప్యాకెట్లు వదలాలి.

అపోహ: "ఫోన్‌లో స్కాన్ అయింది, ఇంకేం?"

ఫోన్ పరీక్ష పరీక్షే కాదు. ఐఎస్ఓ/ఐఈసీ 15415 పద్ధతిలో కొలిస్తే జీఎస్1 అడిగే కనీస గ్రేడ్ 1.5. షిఫ్ట్ మొదట్లో, రోల్ మార్చినప్పుడు, కార్ట్రిడ్జ్ మార్చినప్పుడు వెరిఫైయర్‌తో చూడాలి. లైన్ మీది కెమెరా ప్రతి ప్యాకెట్‌నూ చదివి, చదవలేనిదాన్ని తోసేయాలి.

మిగతావి టూకీగా. నెట్ పోతే బిల్లింగ్ ఆగదు: కౌంటర్ లింకును తెరవదు, అందులోంచి జీటిన్ తీసుకుంటుంది, అంతే. ప్రచారం కోసం వేసిన పాత క్యూఆర్‌లో జీటిన్ లేకపోతే అది బిల్లింగ్‌కు పనికిరాదు. లింకులో జీటిన్ వస్తోందని చెప్పే 01 తర్వాత 14 అంకెలు రావాలి, కాబట్టి 13 అంకెల ఈఏఎన్ నంబర్‌కు ముందు సున్నా చేర్చండి. గీతల కోడ్‌లోనూ 2డీలోనూ ఒకే జీటిన్ ఉండాలి. కళ్లతో చదివే బ్యాచ్, తేదీ, కోడ్‌లోని బ్యాచ్, తేదీ రెండూ ప్రింటర్‌లో ఒకే ఫీల్డ్ నుంచి రావాలి. విడివిడిగా టైప్ చేయించే పద్ధతి ఉంటే, బ్యాచ్ మారిన రోజే ప్యాక్ మీద ఒకటి, కోడ్‌లో ఇంకొకటి పడుతుంది.