ఎనిమిదో షెడ్యూల్‌లో చోటుకు కొలమానం ఏది?

తుళు, భోజ్‌పురి, రాజస్థానీ, గోండి... రాజ్యాంగంలోని భాషల జాబితా అయిన ఎనిమిదో షెడ్యూల్‌లో చేర్చాలంటూ 38 భాషల వినతులు కేంద్రం దగ్గర పెండింగ్‌లో ఉన్నాయి. ఏ అర్హత ఉంటే చేరుస్తారో మాత్రం ఎక్కడా రాసి లేదు. 1996లో పహ్వా కమిటీ, 2003లో సీతాకాంత్ మహాపాత్ర కమిటీ కూర్చున్నా ప్రమాణాలు తేలలేదని కేంద్రమే ఒప్పుకుంటోంది.

నిజానికి 1950లో ఈ జాబితా పెట్టింది భాషలకు హోదా ఇవ్వడానికి కాదు. అధికార భాషా సంఘంలో ఏ భాషల వాళ్లుండాలి, హిందీ తన పదసంపదను ఏ భాషల నుంచి పెంచుకోవాలి, ఈ రెండు అవసరాలకే 14 భాషల పేర్లు రాశారు. తర్వాత సివిల్స్ మెయిన్స్ రాసే భాష దాకా చాలా విషయాలకు ఇదే ఆధారమైంది. అప్పటి నుంచే పోటీ.

దేశవిభజనతో సొంత ప్రాంతం పోగొట్టుకుని వచ్చినవారి సింధీ 1967లో చేరింది. కొంకణి, మణిపురి, నేపాలీ 1992లో వచ్చాయి. 2003 కథ ఇంకా ఆసక్తికరం. అస్సాంలో బోడోల సాయుధ పోరాటం ముగించడానికి ఆ ఫిబ్రవరిలో కుదిరిన బోడో ఒప్పందంలో భాషకు గుర్తింపు కూడా ఒక హామీ. మొదట ఒక్క బోడో కోసమే బిల్లు తెచ్చారు. పార్లమెంటులో మిగతావారూ పట్టుబట్టేసరికి సంతాలీ, మైథిలి, డోగ్రీ కూడా అందులోకి ఎక్కాయి. అలా మొత్తం 22 అయ్యాయి. మైథిలిని అంతకుముందు జనాభా లెక్కల్లో హిందీ కిందే కలిపేసేవారు. భోజ్‌పురిని ఇప్పటికీ అలాగే కలుపుతున్నారు. 2011 లెక్కల్లో హిందీవాళ్లుగా చూపిన 52 కోట్ల పైచిలుకు జనంలో 5 కోట్ల మంది మాతృభాష భోజ్‌పురియే.

మాట్లాడేవాళ్ల సంఖ్యే కొలత అనుకుందామా? అదే 2011లో, జాబితాలో ఉన్న సంస్కృతం మాతృభాష అని రాయించుకున్నవారు 24,821 మంది. జాబితాలో లేని భిల్లుల భాష భీలీకి కోటి మందికి పైగా ఉన్నారు. గోండికి దాదాపు 30 లక్షలు, అంటే బోడోకు ఇంచుమించు రెట్టింపు. లిపి లేదనడానికీ వీల్లేదు. మన ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల్లోని గోండి లిపి 2018లో కంప్యూటర్లు, ఫోన్లలో అక్షరాలకు ఆధారమైన యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. గోండుల చిక్కు వేరు. మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, తెలంగాణల మధ్య చెదిరిపోయారు. భాషల పేరుతో రాష్ట్రాల హద్దులు గీసినప్పుడు వాళ్ల భాషను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పుడు ఏ రాష్ట్రంలో చూసినా వాళ్లు మైనారిటీయే. ఢిల్లీలో వాళ్ల భాష కోసం పట్టుబట్టాల్సిన అవసరం ఏ రాష్ట్ర ప్రభుత్వానికీ లేదు.