పాత కారుకు పవర్ స్టీరింగ్ పెట్టాక వచ్చే తేడాలు: అపోహలు - వాస్తవాలు

మాన్యువల్ స్టీరింగ్‌తో తయారైన పాత కారుకు పవర్ స్టీరింగ్ కిట్ బిగించాక ఏ తేడా వచ్చినా అందరూ ముందు ఆయిల్‌ను ఒత్తిడితో తోసే పంపునే అనుమానిస్తారు. నేను విప్పి చూసిన బళ్లలో పంపు నిజంగా చెడిపోయినవి చాలా తక్కువ. కొత్త పంపు కొనేముందు ఇవి చూసుకోండి.

అపోహ: పంపు మూలుగుతోందంటే పాడైనట్టే.

కొత్తగా బిగించిన బండిలో మూలుగు వస్తే ముందు అనుమానించాల్సింది గాలిని. పవర్ స్టీరింగ్ ఆయిల్ ట్యాంక్ మూత తీసి చూడండి. ఆయిల్ నురగ కట్టి, పాలు కలిపినట్టు కనిపిస్తే లోపల గాలి ఉన్నట్టే. ఇంజిన్ స్టార్ట్ చేసి స్టీరింగ్ తిప్పేస్తే గాలి పోతుందనుకుంటారు. పోదు, పంపు దాన్ని చిలికి ఆయిల్‌లో ఇంకా కలిపేస్తుంది. ముందు చక్రాలు జాక్‌తో లేపి, స్టాండ్ల మీద ఉంచి, ఇంజిన్ ఆపేసి, స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా ఓ 20 సార్లు తిప్పండి. తగ్గినప్పుడల్లా ఆయిల్ పోస్తూ ఉండండి. అప్పటికే నురగ వచ్చేసి ఉంటే, అది తేరుకునేదాకా ఆగాలి.

రెండు రోజులకు మళ్లీ మూలుగు వస్తే ట్యాంక్ నుంచి పంపుకు వెళ్లే హోస్ చూడండి. క్లిప్పు వదులుగా ఉన్నా, హోస్ సన్నదైనా, ట్యాంక్‌ను పంపు కంటే కిందకు బిగించినా ఇదే గొడవ. ఈ వైపు హోస్ గాలిని లోపలికి పీలుస్తుంది. అందుకే బయట ఆయిల్ చుక్క కనిపించదు, లీక్ లేదనుకుని మోసపోతాం.

అపోహ: మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాకపోతే స్టీరింగ్ బాక్స్ (వీల్ తిప్పును చక్రాలకు అందించే గేర్ల పెట్టె) లోపమే.

దీని మీద అనవసరంగా ఖర్చు పెట్టేవాళ్లను చూస్తే బాధగా ఉంటుంది. మాన్యువల్ బళ్లలో తిప్పడం తేలికగా ఉండాలని కాస్టర్‌ను (చక్రం పక్కకు తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో ఎంత వాలిందో చెప్పే కోణం) సున్నాకు దగ్గరగా, కొన్నిటిలో నెగటివ్‌గా కూడా పెట్టేవారు. పవర్ స్టీరింగ్ పెట్టాక అదే కొలత ఉంచేస్తే బండి రోడ్డు మీద అటూ ఇటూ పోతుంది, స్టీరింగ్ మధ్యకు రాదు. సస్పెన్షన్ ఒప్పుకున్నంత వరకు పాజిటివ్ 3 నుంచి 5 డిగ్రీలు పెట్టించి చూడండి.

అది కుదిరినా తేడా పోకపోతే చక్రాలు లేపి, ఇంజిన్ ఆపి, బాక్స్ చేయి నుంచి చక్రాలకు వెళ్లే లింక్ విప్పండి. చక్రాలను చేత్తో తిప్పండి. బిగువుగా ఉంటే తప్పు చక్రాలు పక్కకు తిరిగే కీళ్లది, అంటే కింగ్ పిన్‌లదో బాల్ జాయింట్లదో. చక్రాలు తేలికగా తిరిగి స్టీరింగ్ వీల్ మాత్రం బరువుగా ఉంటే కాలమ్ (వీల్ నుంచి బాక్స్‌కు వెళ్లే కడ్డీ) వంకరగా కూర్చుందేమో, జాయింట్ పట్టేస్తోందేమో చూడాలి. కాలమ్ పట్టేస్తే బాక్స్‌లో ఆయిల్‌ను ఇటో అటో మళ్లించే వాల్వ్ మధ్యకు రాలేదు. పైగా పవర్ ఉంటే ఈ బిగువులేవీ చేతికి తెలియవు, అందుకే ఇంజిన్ ఆపి చూడమంటున్నాను.

అపోహ: ప్లే (వీల్ కాస్త తిప్పినా చక్రాలు కదలని వదులు) ఉంటే బాక్స్ మీది స్క్రూ బిగిస్తే చాలు.

బాక్స్ లోపలి పళ్ల బిగువు సరిగ్గా మధ్యలోనే ఎక్కువ. బండి నేరుగా పోయేటప్పుడు బాక్స్ మధ్యలో లేకపోతే కొత్త బాక్స్‌లోనూ ప్లే తగులుతుంది. లింక్ విప్పి ఉన్నప్పుడే మొత్తం తిప్పులు లెక్కపెట్టి, సగం దగ్గర గుర్తు పెట్టి, టై రాడ్‌లను (చక్రాలను తిప్పే కడ్డీలు) దానికి తగ్గట్టు సర్దండి. స్క్రూ ఊరికే బిగిస్తే పళ్లు అరిగిపోతాయి.

అపోహ: లీక్ ఉంటే మర మీద టెఫ్లాన్ టేప్ చుట్టాలి.

ఫ్లేర్ (పైపు చివర గరాటులా విప్పినది), ఓ-రింగ్ (రబ్బరు రింగు) జాయింట్లలో సీల్ చేసేది మర కాదు. టేప్ ముక్క తెగి వాల్వ్‌లోకి వెళ్తే ఇంకో తలనొప్పి.

అపోహ: ఎలక్ట్రిక్ కిట్ అయితే ఏ టెన్షనూ లేదు.

ఆయిల్ గొడవ ఉండదు, నిజమే. కానీ పాత బళ్లలో కొన్ని పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపి ఉంటుంది. నెగటివ్ ఎర్త్‌కు చేసిన యూనిట్‌ను అలాగే కలిపితే కాలిపోతుంది. నిలబెట్టి తిప్పేటప్పుడు మోటార్ చాలా కరెంటు లాగుతుంది, పాత డైనమోకు అది భారం.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. ఇంజిన్ స్టార్ట్ చేయగానే స్టీరింగ్ తనంతట తానే ఒక పక్కకు తిరిగితే వెంటనే ఇంజిన్ ఆపేయండి, చేతులు వీల్ పుల్లల మధ్య పెట్టకండి. చక్రాలను తోసే సిలిండర్ విడిగా ఉండే రకంలో దానికి వెళ్లే రెండు లైన్లు తారుమారైనా, వాల్వ్ మధ్యలో లేకపోయినా ఇలా జరుగుతుంది. అది సరిచేసేదాకా ఆ బండిని రోడ్డెక్కించవద్దు.