పని ముగిశాక కూలిపోయే పైథాన్: లాక్‌ల పాత కథ

పని అంతా సవ్యంగా ముగించిన పైథాన్ ప్రోగ్రామ్, తీరా ఆగిపోయేటప్పుడు క్రాష్ అవడం చాలామంది డెవలపర్లకు తెలిసిన తలనొప్పే. దీని మూలాలు 1992 నాటివి. పైథాన్‌లోకి థ్రెడ్‌లతో (ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే సాగే పని వరుసలతో) పాటే గ్లోబల్ ఇంటర్‌ప్రెటర్ లాక్, అంటే కోడ్ నడిపే ఇంటర్‌ప్రెటర్‌కు వేసిన ఒకే తాళం, అందరూ అనే గిల్, వచ్చింది అప్పుడే. ఎన్ని థ్రెడ్‌లున్నా, గిల్ చేతిలో ఉన్నదే పైథాన్ కోడ్ నడపాలి.

థ్రెడ్‌లే వాడని ప్రోగ్రామ్‌కు ఈ భారం ఎందుకని, గిల్‌ను అవసరం పడ్డాకే సృష్టించేవారు. పొదుపు బాగానే ఉంది. కానీ సీ భాషలో రాసి పైథాన్‌కు జోడించిన ఎక్స్‌టెన్షన్ తన సొంత థ్రెడ్ నుంచి పైథాన్‌ను పిలిచేసరికి గిల్ ఇంకా పుట్టకపోతే క్రాషే. 2018లో వచ్చిన పైథాన్ 3.7 నుంచి ఇంటర్‌ప్రెటర్ మొదలవగానే గిల్ కూడా సిద్ధమవుతోంది. దాంతో ఆ బెడద తీరింది.

ముగింపు గొడవ మాత్రం అలా తెగలేదు. మామూలు థ్రెడ్‌లు పూర్తయ్యేదాకా పైథాన్ ఆగుతుంది, వెనకాల నడిచే డీమన్ థ్రెడ్‌ల కోసం ఆగదు. మాడ్యూళ్లను, ఆబ్జెక్టులను తుడిచేస్తుండగా ఏదో డీమన్ థ్రెడ్ నిద్రలేచి గిల్ అడుగుతుంది. ఇస్తే, అది ముట్టుకునే మెమరీ అప్పటికే పోయి ఉండొచ్చు. అందుకే ఏళ్ల తరబడి ఆ థ్రెడ్‌ను అక్కడికక్కడే ముగించేసేవారు. లైనక్స్‌లో అలా ముగిస్తే సీ++ స్టాక్, అంటే ఒకదాన్నొకటి పిలిచిన ఫంక్షన్ల దొంతర, వెనక్కి విప్పుకుంటూ పోతుంది. దారిలో డిస్ట్రక్టర్లు (ఆబ్జెక్టు పోయేటప్పుడు శుభ్రం చేసే ఫంక్షన్లు) గిల్ లేకుండానే పైథాన్ ఆబ్జెక్టుల మీద చెయ్యి వేస్తాయి. ఎక్సెప్షన్‌ను బయటికి పోనివ్వనని ముందే చెప్పిన నోఎక్సెప్ట్ ఫంక్షన్ అడ్డొస్తే ప్రాసెసే కూలుతుంది. ప్రోగ్రామ్ బయటికి రాసేది కాసేపు ఆగి ఉండే స్టాండర్డ్ అవుట్‌పుట్ బఫర్ లాక్ పట్టుకుని ఉండగా థ్రెడ్ పోతే మరో చిక్కు: చివర్లో ఆ బఫర్‌ను ఖాళీ చేయాల్సిన మెయిన్ థ్రెడ్‌కు లాక్ దొరకదు. 'బహుశా డీమన్ థ్రెడ్‌ల వల్ల' అని నసిగే ఆ ఫేటల్ ఎర్రర్ ఇక్కడిదే.

తర్వాత ఒక్కో కంత పూడ్చుకుంటూ వచ్చారు. 3.12 నుంచి, మూసివేత మొదలయ్యాక కొత్త థ్రెడ్ పుట్టించబోతే రన్‌టైమ్ ఎర్రర్ వస్తుంది. 2025లో వచ్చిన 3.14 అయితే, ఆలస్యంగా వచ్చిన థ్రెడ్‌ను చంపకుండా శాశ్వతంగా నిలిపేస్తుంది. చూడ్డానికి మొరటు పద్ధతే, అయినా స్టాక్‌ను కదిలించదు కాబట్టి పాతదానికన్నా నయం. ప్రాసెస్ ఎలాగూ ముగుస్తోంది కదా!

పైథాన్‌ను తమలో పొదుగుకున్న అప్లికేషన్లలో అలా కాదు. అక్కడ ఇంటర్‌ప్రెటర్ పోయినా ప్రాసెస్ బతికే ఉంటుంది, నిలిచిపోయిన థ్రెడ్‌లు దానితోపాటే పడి ఉంటాయి. గిల్ తీసేసిన ఫ్రీ థ్రెడెడ్ బిల్డ్‌లోనూ థ్రెడ్ ఇంటర్‌ప్రెటర్‌కు అతుక్కోవాల్సిందే, కనుక ఈ చిక్కు పోదు. 'నా పని అయ్యేదాకా మూయకు' అని థ్రెడ్ ముందే అడిగి మాట తీసుకునే వీలు సీ ఏపీఐలో (సీ కోడ్ పైథాన్‌ను పిలిచే దారిలో) ఉండాలన్నది, పైథాన్ మార్పులు సూచించే పత్రాల్లో ఒకటైన పెప్ 788 ప్రతిపాదన.