కందనకాయలో ఉన్న తేడా

తలకోన దారిలో మర్రిపండ్లు ఎర్రబారే రోజుల్లో చెట్టు కింద నిలబడితే, రాలిపడే పండ్ల తునకలు కనిపిస్తాయి గాని, వాటిని రాలుస్తున్న పక్షి ఒక పట్టాన కనిపించదు. ఆకుల్లో ఆకుగా కలిసిపోయే ఆ పక్షి పచ్చపావురం. దానికి దూరపు చుట్టం ఒకటి ఆస్ట్రేలియా తూర్పు తీరంలోనూ, న్యూగినీ వానకారడవుల్లోనూ ఉంది. దాని పేరు వొంపూ. కూత వినబడిన తీరునే అక్కడివారు పేరుగా పెట్టారు.

వొంపూ మన ఊరపావురం కంటే పెద్దది, కొన్ని 45 సెంటీమీటర్ల వరకు పెరుగుతాయి. తల బూడిదరంగు, వీపు ఆకుపచ్చ, రొమ్ము నేరేడుపండు రంగు, పొట్ట నిండు పసుపు. కంచిపట్టు నేసేవారు సైతం ఒకే చీరలో కలపడానికి జంకే జోడింపు ఇది. అయినా కొమ్మల పైకప్పులో ఎండా నీడా కలిసిన చోట ఈ రంగులే దాన్ని దాచిపెడతాయి.

పండ్లు తినే ఈ రెండు పక్షులూ అడవికి ఒకే రకంగా మేలు చేస్తాయని అనుకోవడం సహజమే గాని, అది నిజం కాదు. తేడా అంతా కందనకాయలో ఉంది. పచ్చపావురాల కందనకాయ గట్టి కండతో, మింగిన ఇసుకరాళ్ల సాయంతో తిరగలిలా పనిచేస్తుంది కనుక మర్రి, రావి, మేడి పండ్లలోని సన్నటి గింజలు చాలావరకు అక్కడే నలిగి ఆహారమైపోతాయి. వొంపూ జాతి గువ్వల కందనకాయ పలుచన, పేగు పొట్టి, వెడల్పు. పండును అవి నమలకుండా మింగుతాయి, గుజ్జు మాత్రం అరుగుతుంది, గింజ చెక్కుచెదరకుండా బయటపడుతుంది. అప్పటికి పక్షి మరో చెట్టు మీద ఉంటే, గింజ తల్లిచెట్టు నీడను దాటినట్లే. గింజలను నలిపేస్తున్నందుకు పచ్చపావురాన్ని తప్పుపట్టలేం. గింజలోని మాంసకృత్తులు దానికి దక్కుతున్నాయి. గుజ్జులో అవి తక్కువ కాబట్టి వొంపూ ఎక్కువ పండ్లు తిని త్వరగా బయటికి పంపవలసి వస్తుంది.

మరి గుజ్జుతోనే బతికే పక్షి పిల్లను ఎలా సాకుతుంది? గొంతు కింద మేత నిలవ ఉండే మేతసంచి లోపలి పొర నుంచి ఊడే కణాలతో తయారయ్యే, కొవ్వూ మాంసకృత్తులూ నిండిన చిక్కటి పదార్థాన్ని పావురాల కుటుంబంలో తల్లీ తండ్రీ ఇద్దరూ పిల్లకు పడతారు. దీనిని పావురపు పాలు అంటారు. వొంపూ నాలుగు పుల్లలు పేర్చినట్టుండే పలుచని గూటిలో ఒక్కటే తెల్లగుడ్డు పెడుతుంది, ఆ ఒక్క పిల్లకే ఈ పాలన్నీ దక్కుతాయి.