‘మంచి నవల ఒకటి చెప్పండి’: అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నం ద్వారకానగర్‌లో పుస్తకాల షాపు కౌంటర్ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టి పద్నాలుగేళ్లయింది. రోజుకి ఒక్కరైనా "ఈ మధ్య వచ్చినవాటిలో మంచి నవల ఒకటి చెప్పండి" అంటారు. నేను వెంటనే పుస్తకం తీయను. "ఈ మధ్య ఏ పుస్తకం సగంలో వదిలేశారు?" అని అడుగుతాను. నచ్చినవి అడిగితే మర్యాద కోసం పెద్ద పేర్లు చెబుతారు. వదిలేసినవి అడిగితే ఉన్నదున్నట్టు చెబుతారు.

అపోహ: అవార్డు నవల ఎవరికైనా ఇచ్చేయొచ్చు.

అసలు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు నవలకే ఇవ్వాలని లేదు. తెలుగులో 2021లో కవిత్వానికి వచ్చింది, 2023లో కథలకి. 2019లో మాత్రం బండి నారాయణస్వామి గారి ‘శప్తభూమి’ నవలకి వచ్చింది. 18వ శతాబ్దపు రాయలసీమ కథ, నాకు ప్రాణం. కానీ మన ఉత్తరాంధ్ర చెవికి ఆ సీమ పలుకుబడి పట్టుబడడానికి టైమ్ పడుతుంది. ఆ ముక్క చెప్పకుండా ఇస్తే పది పేజీలకే పక్కన పెట్టేస్తారు. "ఓ ముప్పై పేజీలు ఓపిక పట్టండి, వీలైతే పైకి చదవండి" అని చెప్పి ఇస్తాను.

అపోహ: దుఃఖంలో ఉన్నవాళ్లకి తేలికపాటి పుస్తకమే ఇవ్వాలి.

నేనూ అలాగే అనుకునేదాన్ని. స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన ఒకాయన గాజువాక నుంచి వచ్చారు. భార్య పోయి మూడు నెలలైందట. "ఏదైనా తేలిగ్గా ఉండేది ఇవ్వమ్మా" అన్నారు. హాస్య నవల ఇచ్చాను. వారం తిరక్కుండానే తెచ్చేశారు. "ఇందులో అందరూ నవ్వుతున్నారమ్మా. ఇంట్లో నేనొక్కణ్నే, ఎవరితో నవ్వను?" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

ఈసారి కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’ ఇచ్చాను. కొత్తది కాదు, చిన్న నవల. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్లిన ముసలాయన కథ. తేలికైనది కాదని ముందే చెప్పాను. పది రోజుల తర్వాత వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుని, "రాత్రంతా ఆ ముసలాడితోనే ఉన్నానమ్మా" అన్నారు. బాధలో ఉన్న మనిషికి నవ్వు కన్నా ఒక్కోసారి తోడు అవసరం. అందరికీ కాదు. కొందరికి నిజంగా నవ్వే కావాలి. అది వాళ్లనే అడగాలి, మనం ఊహించుకోకూడదు.

అపోహ: ఐటీ కుర్రాళ్లు తెలుగు నవల చదవరు.

చదువుతారు. చాలామందికి బడి తర్వాత తెలుగు చదివే అలవాటు తప్పింది, అంతే. నూట యాభై పేజీల లోపుది, సంభాషణలు ఎక్కువున్నది ఇస్తే రెండో పుస్తకానికి వాళ్లే వస్తారు.

అపోహ: కథలో ఏముందో ముందే చెబితే పుస్తకం పాడైపోతుంది.

ఒకసారి నిండు గర్భిణికి, పసిబిడ్డ చనిపోయే నవల ఒక్క మాటైనా చెప్పకుండా ఇచ్చాను. ఆవిడ దాన్ని తిరిగి తెచ్చి కౌంటర్ మీద పెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. అప్పటి నుంచి నేను పూర్తిగా చదవని నవల ఎవరికీ చెప్పడం లేదు. మలుపులన్నీ విప్పక్కర్లేదు. "ఇందులో ఒక బిడ్డ పోతుందండీ, పర్వాలేదా?" అని అడుగుతాను. కొందరు వద్దంటారు. కొందరు కాసేపు ఆగి, "ఇవ్వండి" అంటారు.