గేటు లేని ఆట: రోడ్డు సైక్లింగ్‌లో ప్రేక్షకుడి చోటు వెనుక నూట ఇరవై ఏళ్లు

2025 ఏప్రిల్ 13న ఉత్తర ఫ్రాన్స్‌లో రాళ్లు పరిచిన పల్లెదారుల మీద పారిస్–రూబే పోటీ జరిగింది. అందరినీ వెనక వదిలి ఒంటరిగా సాగిపోతున్న మాథ్యూ వాన్ డెర్ పూల్ ముఖాన దారి పక్కనున్న ప్రేక్షకుడొకడు సీసా విసిరాడు. వాన్ డెర్ పూల్ పడిపోలేదు, పోటీని వరుసగా మూడో ఏడాదీ గెలిచాడు. కానీ ఆ సీసాతో పాటు పాత ప్రశ్న ఒకటి మళ్లీ రోడ్డు మీదికి వచ్చింది. రైడరుకూ అభిమానికీ మధ్య మూరెడు దూరం కూడా లేని ఈ ఆటకు కంచె కట్టాలా, ముఖ్యమైన గుట్టల దగ్గర టికెట్టు పెట్టాలా? జనం ఈ మధ్యే చెడిపోయారనీ, ఇదంతా సెల్‌ఫోన్ల కాలం తెచ్చిన రోగమనీ నమ్మేవారు ఈ ఆట మొదటి రెండేళ్ల చరిత్ర ఒకసారి చూడాలి.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో సైకిల్ పోటీకి అసలు వేదిక వెలోడ్రోమ్. చుట్టూ గోడ, ద్వారం దగ్గర టికెట్టు, లోపల గుండ్రటి ట్రాక్. రోడ్డు మీద పోటీ పెడితే టికెట్టు అడగడానికి ద్వారం ఉండదు కాబట్టి డబ్బు మరో దారిన రావాలి. ఆ దారి వార్తాపత్రిక. 1903లో పారిస్‌లోని లోటో పత్రిక సంపాదకుడు హెన్రీ దెగ్రాంజ్, తన దగ్గర పనిచేసే జియో లెఫెవ్ర్ ఇచ్చిన ఆలోచనను పట్టుకుని టూర్ డి ఫ్రాన్స్ మొదలుపెట్టింది ప్రత్యర్థి పత్రికను దెబ్బతీయడానికే. ఆరు దశల్లో 2,428 కిలోమీటర్లు సాగిన ఆ పోటీలో బయలుదేరిన 60 మందిలో 21 మందే చివరిదాకా నిలిచారు. మోరీస్ గారాఁ గెలిచాడు. తన ఊరి మీదుగా నిద్రలేని మనుషులు సైకిళ్ల మీద వెళ్లడం ఊరికే చూసినవాడు, వాళ్లకు తర్వాత ఏమైందో తెలుసుకోవడానికి మర్నాడు పత్రిక కొనేవాడు. దారి ఉచితం, కథకే వెల. ఇటలీలో 1909లో జీరో ది ఇటాలియా పోటీ, బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో 1913లో టూర్ ఆఫ్ ఫ్లాండర్స్ పుట్టింది కూడా పత్రికల చేతుల మీదుగానే. టూర్ ముగింపు మాత్రం 1967 దాకా పార్క్ దె ప్రాన్స్ వెలోడ్రోమ్‌లోనే జరిగేది. ఆట వీధిలోకి వచ్చినా తుది ఘట్టం చాలాకాలం గోడల మధ్యే ఉండిపోయింది.

ఉచితంగా ఇచ్చిన దారి ఎంత ప్రమాదకరమో రెండో ఏడే తెలిసివచ్చింది. 1904లో సేంత్ ఎతియెన్ సమీపంలోని కోల్ ద లా రెపబ్లిక్ కనుమ మీద, స్థానిక రైడర్ ఫోర్‌ను ముందుకు వెళ్లనిచ్చి, వెనక వస్తున్న గారాఁ మీద, మరికొందరి మీద జనం చీకట్లో దాడి చేశారు. గుంపును చెదరగొట్టడానికి నిర్వాహకులు తుపాకులు పేల్చవలసి వచ్చింది. నీమ్‌లో మరో స్థానిక రైడర్ కోసం మళ్లీ అలజడి రేగింది. పోటీ ముగిశాక నెలల తరబడి విచారణ జరిగి, ఆ ఏడాది డిసెంబరులో గారాఁతో సహా మొదటి నలుగురినీ అనర్హులుగా ప్రకటించి, పోటీ నాటికి ఇరవై ఏళ్లు నిండని హెన్రీ కోర్నేకు విజయాన్ని కట్టబెట్టారు. జనం ఆవేశమే టూర్‌ను చంపేసిందని దెగ్రాంజ్ అప్పట్లో రాసుకున్నాడు. అయినా 1905లో పోటీ పెట్టాడు. ఈసారి దశల సంఖ్య పెంచి, ఒక్కోదాన్ని కుదించి, రాత్రి ప్రయాణం దాదాపు లేకుండా చేశాడు. కంచె కట్టడానికి వీల్లేని చోట వెలుగునే కాపలా పెట్టాడన్నమాట. ఈ ఆటలో ప్రేక్షకుల నుంచి రైడర్లను కాపాడడానికి జరిగిన తొలి సంస్కరణ నా దృష్టిలో ఇదే.

1930లో జరిగిన మార్పు దీనికంటే లోతైనది. సైకిల్ కంపెనీల జట్ల కుమ్మక్కులతో విసిగిన దెగ్రాంజ్ వాటిని పక్కనపెట్టి దేశాల పేరిట జట్లను తెచ్చాడు. దాంతో రైడర్ల ఖర్చు నిర్వాహకుల మీద పడింది. ఆ ఖర్చు రాబట్టడానికి పుట్టిందే పోటీకి ముందుగా వెళ్లే ప్రచార వాహనాల ఊరేగింపు. చాక్లెట్లు, టోపీలు విసురుతూ సాగే ఆ బండ్ల కోసం ఇప్పటికీ పిల్లలు గంటల ముందే వచ్చి కూర్చుంటారు. ఆనాటి నుంచి దారి పక్క నిలబడ్డ మనిషి ఉత్త చూపరి కాడు, అతని చూపుకు ప్రకటనదారు వెల కడుతున్నాడు. ఉచితంగా చూస్తున్నాడని అభిమానిని తేలిక చేసి మాట్లాడేవారు ఈ లెక్కను మరిచిపోతారు.

దేశాల జట్లతో పాటు దేశాభిమానమూ దారి పక్కకు చేరింది. 1950లో పిరనీస్ పర్వతాల్లో కోల్ దాస్పాఁ మీద జనం దారి మూసేయగా ఇటలీకి చెందిన జినో బార్తాలీ, ఫ్రాన్స్‌కు చెందిన జాఁ రోబిక్ పడిపోయారు. తనను కొట్టారనీ బెదిరించారనీ బార్తాలీ చెప్పాడు. ఆ రోజు దశ గెలిచింది ఆయనే, మొత్తం పోటీలో ముందున్నవాడు తొడిగే పసుపు జెర్సీ దక్కింది సహచరుడు ఫియొరెంజో మాన్యీకి. అయినా ఇటలీ రైడర్లంతా పోటీ వదిలి ఇంటిదారి పట్టారు.

ఇక ప్యూయి ద డోమ్ దగ్గర కాస్త ఆగాలి. మధ్య ఫ్రాన్స్‌లోని ఈ చల్లారిన అగ్నిపర్వతం చుట్టూ దారి మరచుట్టులాగా తిరుగుతూ పైకి పోతుంది. 1964 జులై 12న జాక్ ఆంకెతిల్, రేమోఁ పూలిడోర్ భుజానికి భుజం తగులుతూ దీన్ని ఎక్కిన దృశ్యం ఫ్రాన్స్ జ్ఞాపకంలో నిలిచిపోయింది. ఆ ఫొటోల్లో వాళ్లిద్దరి వెనక జనం గోడ కట్టినట్టు కనిపిస్తారు. పదకొండేళ్ల తర్వాత, 1975 జులై 11న, ఆరో టూర్ కోసం పోరాడుతున్న బెల్జియం రైడర్ ఎడ్డీ మెర్క్స్ కడుపులో అదే కొండ మీద ఒక ప్రేక్షకుడు గుద్దాడు. మెర్క్స్ పైకి చేరాక తిరిగి కిందికి వచ్చి ఆ మనిషిని గుర్తుపట్టాడు. కోర్టు నష్టపరిహారంగా నామమాత్రపు ఒక్క ఫ్రాంకు ఇప్పించింది. రెండు రోజుల తర్వాత ఆల్ప్స్ పర్వతాల్లోని ప్రా లూ దగ్గర మెర్క్స్ పసుపు జెర్సీని బెర్నార్ తెవెనేకు కోల్పోయాడు, మళ్లీ ఎప్పుడూ దాన్ని తొడుక్కోలేదు. ఓటమికి ఆ గుద్దే కారణమని అనడం అన్యాయం, తెవెనే ఆ ఏడాది నిజంగా బలంగా ఉన్నాడు. కానీ ఎప్పుడూ గెలిచేవాడి మీద పెరిగే విసుగు ఒక పిడికిలిగా మారగలదని ఆటకు అప్పుడే తెలిసింది.

టెలివిజన్ కాలంలో తప్పు రూపం మారింది. 1904లో, 1950లో, 1975లో చెయ్యి చేసుకున్నవాళ్లకు రైడరు మీద కోపం ఉంది. 1999లో ఆల్ప్స్‌లోని ఆల్ప్ డ్యూయెజ్ కొండదారి మీద జ్యుసెప్పె గ్వెరీనిని పడగొట్టిన కుర్రాడు ఫొటో తీసుకోవాలనుకున్నాడు, అంతే. గ్వెరీని లేచి ఆ దశ గెలిచాడు. 2016 జులై 14న మోఁ వాంటూ కొండ మీద గాలి వల్ల ముగింపును కిందికి దించడంతో జనమంతా ఇరుకు దారిలో చేరి, రైడర్ల ముందు వెళ్లే మోటారుసైకిలు ఆగిపోయింది. దానికి గుద్దుకుని సైకిలు విరిగిన క్రిస్ ఫ్రూమ్ పసుపు జెర్సీతోనే కొండ మీదికి పరుగెత్తాడు. 2018లో విన్‌చెంజో నీబాలి ఆల్ప్ డ్యూయెజ్ మీద పడి, వెన్నుపూస విరిగి ఇంటికి వెళ్లాడు. 2021లో తొలి దశలో ఒక మహిళ కెమెరా వైపు తిరిగి తాతకూ అమ్మమ్మకూ పలకరింపు రాసిన అట్ట చూపిస్తుండగా టోనీ మార్టిన్ దానికి తగిలాడు, అతని వెనక పదుల మంది కుప్పకూలారు. బ్రెస్ట్ కోర్టు ఆమెకు 1,200 యూరోల జరిమానా వేసింది. 2023లో పదిహేనో దశలో ఫోను చాచిన చెయ్యి సెప్ కుస్‌ను పడేసింది. ఈ వరుసలో చివరివాళ్లలో చాలామంది రైడరుకు వీపు పెట్టి నిలబడ్డవాళ్లు. నన్ను బాధించేది అదే. ఎదురుగా వస్తున్న మనిషిని చూడడానికి వచ్చి, తనను తాను చూసుకోవడం దగ్గర ఆగిపోవడం.

టికెట్టు వాదనకు భద్రతతో పాటు డబ్బు కారణం కూడా ఉంది. ఫుట్‌బాల్ క్లబ్బులా సైక్లింగ్ జట్టుకు మైదానం ఉండదు, ద్వారం దగ్గర వసూలు ఉండదు. ప్రసార హక్కుల సొమ్ము ప్రధానంగా నిర్వాహకులది. జట్టు బతుకంతా జెర్సీ మీద పేరున్న కంపెనీ చేతిలో ఉంటుంది, ఆ కంపెనీ తప్పుకున్న నాడు జట్టు చెదిరిపోతుంది. ఈ బాధ నిజమైనదే. అందుకే 2012లో టూర్ ఆఫ్ ఫ్లాండర్స్ ముగింపును ఔడెనార్డెకు మార్చి, ఔడె క్వారెమాంట్ గుట్టను ఒకే రోజు పదేపదే ఎక్కేలా చుట్లు వేసి, అక్కడ డబ్బు కట్టిన అతిథులకు గుడారాలు వేసినప్పుడు అందులోని తర్కం అర్థమైంది. కానీ ఆ మార్పుతో దారి నుంచి తొలగిపోయిన ఖెరార్డ్స్‌బెర్గెన్ గుట్ట కోసం అక్కడి జనం శవయాత్ర కట్టారు. 2017లో ఆ గుట్ట దారిలోకి తిరిగి వచ్చింది, కానీ తుది ఘట్టంలోని పాత చోటు దానికి దక్కలేదు.

టికెట్టు కొన్నవాడు మర్యాదగా ఉంటాడన్న నమ్మకానికి ఆధారం తక్కువ. బెల్జియం, నెదర్లాండ్స్‌లలో బురద, ఇసుక నేలల మీద జరిగే చలికాలపు సైక్లోక్రాస్ పోటీలకు డబ్బు కట్టే లోపలికి వెళతారు. 2023 డిసెంబరులో హుల్స్ట్‌లో జరిగిన అలాంటి పోటీలోనే గేలి చేస్తున్న ప్రేక్షకుల వైపు వాన్ డెర్ పూల్ ఉమ్మాడు, 250 స్విస్ ఫ్రాంకుల జరిమానా కట్టాడు. అతను చేసింది తప్పే. కానీ టికెట్టు అక్కడ ఎవరి నోటినీ కట్టలేదు.

2023 జులై 9న టూర్ 35 ఏళ్ల తర్వాత ప్యూయి ద డోమ్‌కు తిరిగి వచ్చింది. శిఖరానికి పోయే దారి పక్కనే ఇప్పుడు రంపపు పళ్లలాంటి పళ్లున్న పట్టా మీద కొండెక్కే రైలు నడుస్తోంది, మనుషులు నిలబడే చోటు లేదు. అందువల్ల చివరి నాలుగు కిలోమీటర్లలోకి ప్రేక్షకులను రానివ్వలేదు. మన దగ్గర చీకటి పడ్డాక టీవీ ముందు కూర్చుని చూశాను. అమెరికాకు చెందిన మాటియో జార్గెన్సన్ అందరికంటే ముందు ఒక్కడే ఎక్కుతున్నాడు. అతనికి ఏ అపాయమూ లేదు, ఏ చెయ్యీ అందదు, ఏ జెండా చక్రంలో పడదు. పేరు పెట్టి పిలిచే గొంతు కూడా ఒక్కటీ లేదు. శిఖరం అతి దగ్గర పడ్డాక, వెనక నుంచి వచ్చిన మైకేల్ వుడ్స్ అతన్ని దాటి పైకి వెళ్లిపోయాడు.