కుక్కలకు కు.ని. ఆపరేషన్: కొండమెట్ల దగ్గర రోజూ వినే మాటలు

విజయవాడలో గుణదల, మొగల్రాజపురం కొండవీధులకు కుక్కలకు, పిల్లులకు కు.ని. (పిల్లలు పుట్టకుండా చేసే) ఆపరేషన్లు చేసే మా వ్యాన్ ఎక్కదు. మెట్ల కిందే ఆపుతాం. ఎండ ముదరకముందే మొదలుపెట్టాలని పొద్దున ఆరున్నరకల్లా అక్కడుంటాం. పైనుంచి ఒకరు కుక్కను చంకనెత్తుకుని, ఇంకొకరు గోనెసంచిలో పిల్లిని పట్టుకుని దిగుతారు. జంతువు కంటే ముందు సందేహాలు దిగుతాయి.

అపోహ: ఒక్క ఈతైనా అయ్యాకే చేయించాలి.
వాస్తవం: అవసరం లేదు. "ఆడజన్మ కదండీ, ఒక్కసారి తల్లిని కానివ్వండి" అంటారు. ఎదకు రాకముందే చేయిస్తే రొమ్ము గడ్డల ముప్పు బాగా తగ్గుతుంది. చేయించకపోతే వయసు మీద పడ్డాక గర్భసంచికి చీము పట్టొచ్చు. ఆరు నెలలకే ఎదకు వచ్చే కుక్కలున్నాయి, జతకట్టాక 63 రోజులకు అటూ ఇటూగా ఈనేస్తాయి. పిల్లల్ని పెంచుకుంటామని ముందు మాటిచ్చినవాళ్లు మగవాటిని ఏరుకుపోతారు. ఆడకూనలు బుడమేరు వాగు గట్టు మీద తేలతాయి.

అపోహ: వ్యాన్‌లో ఆపరేషన్ అంటే తూతూమంత్రం.
వాస్తవం: లోపల ఏసీ, టేబుల్, ఆక్సిజన్ ఉంటాయి. ఒక్కో జంతువుకు ఆటోక్లేవ్ చేసిన (వేడి ఆవిరితో క్రిములు లేకుండా చేసిన) పనిముట్ల సెట్టు విడిగా తీస్తాం. నన్నడిగితే అసలు ప్రమాదం ముందురోజు రాత్రి మీ వంటింట్లో ఉంది. ఒక మామ్మగారు ఏమీ పెట్టలేదని ఒట్టేసి చెప్పారు. మొదటి ఇంజక్షన్ పడగానే టేబుల్ నిండా పెరుగన్నం! పూర్తి మత్తులో ఉన్నప్పుడు అలా కక్కితే ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికొస్తుంది. "ఆకలికి తట్టుకోలేదని రెండు ముద్దలే నాయనా" అన్నారు. ఆరోజుకి ఆపేశాం. మళ్లీ వచ్చినప్పుడు తోడుగా తనూ పస్తున్నారట. పెద్ద కుక్కకు రాత్రి పది తర్వాత తిండి వద్దు, నీళ్లు పెట్టొచ్చు. చిన్న కూనలకు అంత పస్తు పనికిరాదు, మమ్మల్ని అడగండి.

అపోహ: ఎద రాకుండా ఇంజక్షన్ వేయిస్తే సరిపోతుంది.
వాస్తవం: ఆ ఇంజక్షన్‌లోని హార్మోన్ల వల్లే గర్భసంచికి చీము పట్టిన కేసులు మా దగ్గరకొస్తాయి. అప్పుడు చేసే ఆపరేషన్ ఖర్చూ ఎక్కువే, టెన్షనూ ఎక్కువే.

అపోహ: ఆపరేషన్ అయిన కుక్కకు పిచ్చి రాదు, కరవదు.
వాస్తవం: మావాళ్లలో కొందరు కూడా ఉత్సాహంలో ఇలాగే చెప్పేస్తుంటారు, తప్పు. రేబిస్‌ను ఆపేది టీకా. ఆపరేషన్ రోజు ఎలాగూ వేస్తాం, తర్వాత గడువు ప్రకారం మళ్లీ వేయించాలి. ఆపరేషన్ అప్పుడు చెవి మీద పెట్టే గాటుకు అర్థం ఆపరేషన్ అయిందని, అంతే. ఏ కుక్క కరిచినా సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

అపోహ: పట్టుకెళ్లి ఊరవతల వదిలేస్తే పీడ పోతుంది.
వాస్తవం: చెత్తకుండీ అక్కడే ఉంటే నెలల్లో కొత్త కుక్కలు దిగుతాయి. 2023 ఏబీసీ (జంతు జనన నియంత్రణ) నిబంధనల ప్రకారం ఆపరేషన్, టీకా అయ్యాక పట్టిన చోటే వదలాలి. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టూ అదే చెప్పింది, రేబిస్ ఉన్నవాటిని, మీదపడి కరిచేవాటిని మినహాయించింది. నవంబరు ఆదేశంతో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల నుంచి పట్టినవాటిని తిరిగి అక్కడ వదలకూడదు.

అపోహ: కుట్లు వేసేస్తే పని అయిపోయినట్టే.
వాస్తవం: మేం మర్నాడు ఇంకో వీధిలో ఉంటాం. పది రోజులు స్నానం వద్దు, పరుగులు వద్దు. కుట్టు దగ్గర వాచినా, నీరు కారినా ఫొటో తీసి పంపండి. నాకనివ్వకండి. నాకకుండా మెడకు తొడిగే గరాటులాంటి కోన్ దొరక్కపోతే పాత టీషర్టు తొడిగి వీపు మీద ముడేయండి.